క్రాస్‌బౌ కర్రకి చరిత్ర లేదా?

మా టీములో టెస్టింగు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అమెరికన్. అరవై దాటాయి, రిటైర్మెంటు మాటెత్తితే నవ్వేస్తాడు. ఒక సోమవారం పొద్దున్న మీటింగుకి వేళ్ళన్నీ నల్లగా చేసుకుని వచ్చాడు. "ప్రింటరు గానీ విప్పారా?" అని అడిగితే, "కాదు, క్రాస్‌బౌకి స్టాక్ తయారుచేస్తున్నా" అన్నాడు. స్టాక్ అనే మాట వినబడగానే పక్క క్యూబికల్సులోంచి నాలుగు తలకాయలు పైకి లేచాయి. మనవాళ్ళకి స్టాక్ అంటే ఒకటే అర్థం కదా :)

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పొడవాటి కర్ర దిమ్మకి ముందువైపు విల్లుని అడ్డంగా బిగించి, నారిని వెనక్కి లాగి ఒక కొక్కేనికి తగిలించి, కింద మీట నొక్కితే బాణం వదిలే ఆయుధం పేరు క్రాస్‌బౌ. మామూలు విల్లుకీ దీనికీ అసలు తేడా ఏంటంటే, లాగిన నారిని మనం చేత్తో పట్టుకుని ఉండక్కర్లేదు. ఆ పట్టుకునే పని కర్ర చేస్తుంది. ఆ కర్రనే స్టాక్ అంటారు. తుపాకీకి మడమ ఉన్నట్టు దీనికి ఇది. మా పెద్దాయన చేస్తున్నది పదిహేనో శతాబ్దపు జర్మన్ పద్ధతిది. అక్రోటు కర్ర, అంటే వాల్‌నట్.

"శనివారం ఖాళీ ఉంటే రా, చూద్దువుగాని" అన్నాడు. ఒకసారి చూసి వచ్చేద్దాం అని వెళ్ళినవాణ్ణి వరసగా నాలుగు శనివారాలు వెళ్ళాను. ఇంట్లో ఏమన్నారు అని మాత్రం అడక్కండి.

మొదటి శనివారం మొత్తం ఉప్పుకాగితం పట్టడమే. గరుకుదానితో మొదలుపెట్టి, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. అయిపోయింది కదా అనుకుంటే తడిగుడ్డతో కర్రంతా తుడిచేశాడు. ఆరాక చూస్తే మళ్ళీ గరుకు! తడి తగిలితే కర్రలో నలిగి పడుకున్న నార లేచి నిలబడుతుందట. దాన్ని మళ్ళీ కోసెయ్యాలి. అలా రెండు మూడుసార్లు చేస్తే, ఆ తర్వాత వాన తగిలినా గరుకు పెద్దగా లేవదు. బగ్ ఫిక్స్ చేసి, కావాలని మళ్ళీ బగ్ రప్పించి, మళ్ళీ ఫిక్స్ చేయడం అన్నమాట. టెస్టింగువాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది!

రెండో వారం రంగు. ఆయన వేళ్ళ నలుపు రహస్యం అప్పుడు తెలిసింది. ఇనప పీచు వినిగర్లో కొన్నాళ్ళు నానబెట్టి ఆ నీళ్ళు కర్రకి రాస్తే, కర్రలో ఉన్న వగరు పదార్థంతో ఇనుము కలిసి నలుపు తేలుతుంది. నాకు ఇది ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత ఇదే కదా! బట్టని కరక్కాయలో ముంచుతారు, తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో ఊరబెట్టి దాంతో గీస్తారు. కరక్కాయలోనూ ఆ వగరే. రెండు దేశాలు, ఒకటే కెమిస్ట్రీ.

ఆ రోజే ఆయన స్టాక్ నా చేతికిచ్చి గురిపెట్టి చూడమన్నాడు. బొటనవేలు పెట్టే గుంట నా వేలికి అందలేదు. చెంప ఆనించే చోట కర్ర నాకు ఎత్తైపోయింది. "నీకు సరిపోదు, నాకోసం కోసింది" అన్నాడు నవ్వుతూ. ఈ పద్ధతి క్రాస్‌బౌకి తుపాకీలాగా భుజానికి ఆనించే మడమ ఉండదు, తిన్నటి కర్ర. అందుకని చెంప, బొటనవేలు, మీట దాకా చేరే వేళ్ళు - ఈ మూడింటి లెక్కతోనే కర్రని చెక్కుకోవాలి.

అప్పుడు నాకు సహజంగా వచ్చే సందేహం అడిగేశాను. "బాణం వేసే వస్తువుకి ఇంత నున్నగా పాలిష్ ఎందుకండీ? అందానికా?"

"అందం తర్వాత. కర్ర తేమ పీలిస్తే వంగుతుంది. కర్ర వంగితే బాణం పక్కకి పోతుంది. ఆ తేమ రాకపోకల్ని నెమ్మది చేసేది ఈ పూతే" అన్నాడు.

ఈ ఒక్క ముక్క పట్టుకుని ఇంటికొచ్చి క్రాస్‌బౌ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదువుతున్న కొద్దీ ఒక విషయం నన్ను గోకడం మొదలెట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

చరిత్ర పుస్తకాల్లో క్రాస్‌బౌ ఎప్పుడు కనబడుతుందో చూడండి. 1139లో రోములో జరిగిన రెండో లేటరన్ మహాసభ, క్రైస్తవుల మీద విలుకాళ్ళనీ క్రాస్‌బౌ వాళ్ళనీ వాడకూడదని నిషేధం పెట్టింది. అరవయ్యేళ్ళు తిరిగేసరికి, 1199లో ఇంగ్లండు రాజు రిచర్డ్ ఫ్రాన్సులోని షాలూ కోట దగ్గర క్రాస్‌బౌ బాణం దెబ్బకే పోయాడు. 1346లో క్రేసీ యుద్ధంలో ఫ్రాన్సు రాజు కూలికి తెచ్చుకున్న జెనోవా క్రాస్‌బౌ దళం ఇంగ్లీషు విలుకాళ్ళ ముందు చెదిరిపోయింది. నిషేధం, రాజు చావు, ఓడిన యుద్ధం. అంతే.

కొంచెం లోపలికెళ్ళి సాంకేతిక పుస్తకాలు తిరగేస్తే అక్కడ విల్లు గురించి ఉంటుంది. ముందు ఒట్టి కర్ర విల్లు, తర్వాత కొమ్మూ నరాలూ అంటించిన విల్లు, ఆ తర్వాత ఉక్కు విల్లు. రాల్ఫ్ పేన్-గాల్వే అనే ఇంగ్లీషు దొర 1903లో క్రాస్‌బౌల మీద పెద్ద పుస్తకమే వేశాడు. ఆయన పరీక్షించిన పాత ఉక్కు విల్లు లాగడానికి 1200 పౌండ్ల బలం కావాలి. అంటే దగ్గర దగ్గర 540 కిలోలు. చేత్తో లాగడం అసాధ్యం కాబట్టి కప్పీల యంత్రం పెట్టి లాగేవారు. అది బాణాన్ని 400 మీటర్లకి పైగా విసిరింది. అందరూ ఆహా ఉక్కు అన్నారు.

బాగానే ఉంది. కానీ ఆ 540 కిలోల లాగుడిని కొక్కెం పట్టుకుంటే, కొక్కేన్ని ఎవరు పట్టుకున్నారు? కర్రే కదా! ముందు విల్లు, వెనక కొక్కెం, మధ్యలో ఆ నొక్కుడంతా మోస్తూ చీలకుండా, వంగకుండా నిలబడ్డది కర్ర. ఆ కర్ర ఏ చెట్టుది, ఎన్నాళ్ళు ఆరబెట్టారు, ఎవరు చిత్రిక పట్టారు అంటే సమాధానం దొరకడం కష్టం. మన సర్వర్ గదుల్లో రాత్రంతా పని చేసేవాళ్ళ సంగతిలాగే ఉంది.

చైనా సంగతి చూద్దాం. 1974లో షియాన్ దగ్గర రైతులు బావి తవ్వుతుంటే మట్టి సైన్యం బయటపడింది. క్రీ.పూ. 210లో చనిపోయిన మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధికి కాపలా సైన్యం అది. అందులో క్రాస్‌బౌ సైనికులు కూడా ఉన్నారు. మొదటి గొయ్యిలో 200కి పైగా కంచు ట్రిగ్గర్లు దొరికాయి, వేలకొద్దీ కంచు బాణం ములుకులు దొరికాయి. ఆ ట్రిగ్గర్లని బిగించిన కర్రలు మాత్రం కుళ్ళిపోయి, ఎక్కువ చోట్ల మట్టిలో అచ్చులుగా మిగిలాయి.

ట్రిగ్గర్ల మీద బ్రిటిష్, చైనా పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఒక్కొక్క ముక్కనీ కొలిచి తేల్చిందేమిటంటే, ఫోర్డు ఫ్యాక్టరీలాగా ఒకే పెద్ద వరస పెట్టి చేసినవి కావు. చిన్న చిన్న బృందాలు, ఒక్కో బృందం మొత్తం పని తనే చూసుకుంటూ, ఒకే నమూనాకి కట్టుబడి చేసినవి. చదివి నాకు నవ్వొచ్చింది. 2200 ఏళ్ళ క్రితమే ఎజైల్ అన్నమాట!

ఇంకో తమాషా. అదే గోతుల్లో దొరికిన కొన్ని కంచు ఆయుధాల మీద ఏ సంవత్సరం చేశారో, పైన బాధ్యుడు ఎవరో, ఏ పనివాడు చేశాడో చెక్కి ఉంది. ప్రధానమంత్రి లూ బువెయ్ పేరు కూడా ఉంది. ఆయుధం సరిగ్గా లేకపోతే ఎవణ్ణి పట్టుకోవాలో తెలియడానికి. మనం గిట్ బ్లేమ్ అని కొట్టి చూసుకునేది ఇదే. పనివాడి పేరు గౌరవం కోసం కాదు, తిట్టడానికి రాశారు. ఐనా సరే, పేరు మిగిలింది కదా. కర్ర చెక్కినవాడికి ఆ తిట్లు తినే భాగ్యం కూడా దక్కలేదు.

మరి చైనాలో పాత స్టాక్ అసలేదీ మిగల్లేదా అంటే, మిగిలాయి. హూబెయ్, హూనాన్ ప్రాంతాల్లో చూ రాజ్యం నాటి సమాధులు నీళ్ళు నిండిపోయి గాలి ఆడకుండా ఉండిపోయాయి. వాటిలో క్రీ.పూ. నాలుగో శతాబ్దం నాటి క్రాస్‌బౌ కర్రలు కూడా బయటపడ్డాయి. గాలి ఆడకపోవడం ఒక కారణం. ఇంకో కారణం పూత. చైనా వాళ్ళ లక్కపూత మన లక్క కాదు. మన లక్క పురుగు ఇచ్చేది, వాళ్ళది చెట్టు కారే పాలు. దాని గుణం విచిత్రం. ఎండలో పెడితే గట్టిపడదు, తేమగా ఉన్న గదిలో పెడితే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక నీళ్ళు దాన్ని ఏమీ చెయ్యలేవు.

పచ్చిగా ఉన్నప్పుడు ఆ పాలు ఒంటికి తగిలితే పొక్కుతుంది. ఆ చెట్టు మన మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబానిదే. చిన్నప్పుడు మామిడికాయ తొడిమ కొరికి మూతి పొక్కించుకున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చాకళ్ళు బట్టలమీద గుర్తు పెట్టేది నల్లజీడి గింజతో. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు పోదు. చొక్కా మీద మీ గుర్తు ఎందుకు పోదో, చైనా కర్ర మీద ఆ పూత అన్ని వందల ఏళ్ళు ఎందుకు నిలిచిందో, ఆ రెండు రసాయనాలూ దగ్గరి చుట్టాలే.

ఇక యూరప్. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో వుర్టెంబెర్గ్ ప్రభువు ఐదవ ఉల్రిచ్ క్రాస్‌బౌ ఉంది. 1460 అని సంవత్సరం కూడా వేసి ఉంది. మూడో శనివారం అయ్యాక, ఆదివారం ఫిలడెల్ఫియాలో బస్సెక్కి ప్రత్యేకంగా దానికోసమే వెళ్ళాను. విల్లు కొమ్మూ నరాలతో చేసింది, పైన బర్చ్ చెట్టు బెరడు చుట్టారు, తేమ తగలకుండా. కర్ర మీద దుప్పికొమ్ము పలకలు తాపడం చేసి, వాటి మీద బొమ్మలు, ఉల్రిచ్ గారి వంశం ముద్ర, ఆయన భార్య మార్గరెట్ పుట్టింటి సవోయ్ ముద్ర చెక్కారు. అద్దానికి ముక్కు ఆనించి ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

నా వెనక నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు "రాజులకి డబ్బెక్కువైతే ఇంతే" అనుకున్నారు. వారం క్రితమైతే నేనూ అదే అనేవాణ్ణి. కానీ పెద్దాయన దగ్గర మూడు వారాలు కూర్చున్న పుణ్యాన ఒకటి తెలిసింది. కొమ్ము తాపడం ఒట్టి సోకు కాదు. బాణం కూర్చునే గాడి, నారి రాసుకుపోయే పైభాగం ఒట్టి కర్రైతే త్వరగా అరిగిపోతుంది. కొమ్ము అరగదు, నున్నగా జారుతుంది. నారిని పట్టుకునే గుండ్రటి కొక్కెం కూడా దుప్పికొమ్ముదే. కొక్కెం దగ్గర కర్రని తొలిచేస్తారు కాబట్టి అక్కడే చీలే ప్రమాదం, అందుకని పక్కల పలకలు. ముందు పని కోసం పెట్టారు, పెట్టాక ఖాళీగా ఎందుకని బొమ్మలు చెక్కారు. మన గడపకి పసుపు రాసి ముగ్గు పెట్టినట్టు. పసుపుకి పని ఉంది, ముగ్గుకి అందం ఉంది, విడదీసి చూడలేం.

ఐతే అద్దం కింద ఉన్న చీటీ నన్ను ఆపేసింది. యజమాని పేరు, బిరుదు, పుట్టిన చచ్చిన సంవత్సరాలు స్పష్టంగా ఉన్నాయి. చేసినవాడి దగ్గరికొచ్చేసరికి, వింటర్‌టూర్‌కి చెందిన హైన్రిష్ హైడ్ అయ్యుండొచ్చని ఒక ఊహ. అంత గొప్ప వస్తువుకే చేసినవాడి పేరు 'అయ్యుండొచ్చు' దగ్గర ఆగిపోయింది. మరి మామూలు సిపాయి క్రాస్‌బౌ చేసిన వడ్రంగి మాటేమిటి?

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. మ్యూజియంలో మిగిలిన స్టాకులు చూసి ఆ కాలంలో క్రాస్‌బౌలంటే ఇలా ఉండేవి అనుకుంటాం. కాదు. 1489 నాటి హంగరీ రాజు మత్యాస్ క్రాస్‌బౌ కూడా అదే మ్యూజియంలో ఉంది. అదీ రాజుదే, అదీ అలంకారమే. ఊళ్ళ కోటగోడల మీద సిపాయిలు పట్టుకున్నవి వేలల్లో ఉండేవి. పదహారో శతాబ్దంలో తుపాకీ వచ్చి వాటిని యుద్ధం నుంచి తోసేసింది. వేటలో మాత్రం చప్పుడూ పొగా ఉండవు కాబట్టి ప్రభువుల ఇళ్ళల్లో క్రాస్‌బౌ ఇంకా చాలాకాలం బతికింది. సిపాయిది పాతబడితే ఉక్కు కొలిమిలోకి, కర్ర పొయ్యిలోకి పోయుంటుంది. దుప్పికొమ్ము బొమ్మలున్న కర్రని పొయ్యిలో పెట్టడానికి ఎవరికి చేతులొస్తాయి? దాన్ని గోడకి తగిలిస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగొచ్చిన విమానాల చిల్లులు చూసి లెక్కలేసిన కథ మనందరికీ తెలుసు కదా, తిరిగిరానివాటి చిల్లులే అసలు ముఖ్యం అని. ఇదీ అంతే. మ్యూజియంలో ఉన్నది చరిత్ర కాదు, చరిత్రలో పొయ్యిలోకి పోనిది.

నాలుగో శనివారం నూనె. అవిసె గింజల నూనె, కాచినది. ఇదీ పాత విద్యే. పన్నెండో శతాబ్దంలో థియోఫిలస్ అనే సన్యాసి రాసిన చేతిపనుల పుస్తకంలో అవిసె నూనె తీయడం, దాన్ని గుగ్గిలం లాంటి జిగురుతో కాచి వార్నీషు చేయడం ఉంది. ఈ నూనె ఆరడమంటే నీళ్ళలా ఆవిరైపోవడం కాదు. గాలిలో ప్రాణవాయువుని పట్టుకుని గట్టి పొరగా మారుతుంది. పలచగా రాయాలి, తుడిచెయ్యాలి, ఒకరోజు ఆగాలి, మళ్ళీ రాయాలి. తొందరపడి మందంగా రాస్తే పైన జిడ్డుగా ఉండిపోతుంది.

అలా మారేటప్పుడు వేడి పుడుతుంది. అందుకని పెద్దాయన నూనె గుడ్డల్ని ముద్దచేసి పడెయ్యనివ్వలేదు. ఒక్కొక్కటీ విడిగా కంచె మీద ఆరేయించాడు. నేను నవ్వితే సీరియస్ అయిపోయాడు. 1991 ఫిబ్రవరిలో మా ఫిలడెల్ఫియాలోనే 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా తగలబడింది. కారణం పనివాళ్ళు వదిలేసి వెళ్ళిన అవిసె నూనె గుడ్డలు. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. అప్పటికి ఆయన ఈ ఊళ్ళోనే ఉన్నాడట. ఆ తర్వాత నేను నవ్వలేదు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఎందుకంటే మా తాతయ్య వడ్రంగి. అనకాపల్లి దగ్గర పల్లె. నేను పుట్టేసరికే పోయారు.

"నాన్నా, తాతయ్య చేసినవి ఏమైనా మిగిలాయా?"

"ఏం మిగుల్తాయిరా? నాగళ్ళు, కాడిమాన్లు, బళ్ళు. ఎన్ని చేశారో లెక్కే లేదు. ట్రాక్టర్లొచ్చాయి, అన్నీ పొయ్యిలోకెళ్ళాయి." కొంచెంసేపు ఆగి, "కరణంగారింట్లో ఉయ్యాల బల్ల ఉండాలి. అది నాన్న చేసిందే" అన్నారు.

మొన్న డిసెంబర్లో ఇండియా వెళ్ళినప్పుడు ఇద్దరం వెళ్ళి చూశాం. ఉంది! చేవ తేలిన టేకు, లక్కని స్పిరిట్లో కరిగించి పెట్టిన పాలిష్, ఇంకా తళతళ మెరుస్తోంది. ఆ ఇంటి పెద్దాయన మర్యాదగా కూర్చోబెట్టి, "ఇది మా తాతగారి ఉయ్యాల" అన్నారు. ఆయన తప్పేం లేదు, వాళ్ళ తాతగారిదే కదా. నాన్న ఏమీ మాట్లాడలేదు. బల్ల అంచు మీద చెయ్యి పెట్టి ఊరుకున్నారు. నేను కింద కూర్చుని బల్ల అడుగు చూశాను. అక్కడ పాలిష్ లేదు. బాడిశ దెబ్బలు వరసగా ఉన్నాయి, పేరు మాత్రం లేదు. ఉల్రిచ్ గారి చీటీ గుర్తొచ్చింది.

మా తాతయ్య చేసిన వందల నాగళ్ళు ఆ ఊరి కడుపు నింపాయి. మిగిలింది మాత్రం ఒక గొప్పింటి ఉయ్యాల బల్ల. దాన్ని చూసి ఆయన ఉయ్యాలలు చేసేవాడు అనుకుంటే ఎంత తప్పో, రెండు రాజుల క్రాస్‌బౌలు చూసి క్రాస్‌బౌ చరిత్ర రాస్తే అంత తప్పు. అలాగని ఆ పాలిష్‌ని, ఆ తాపడాన్ని రాజుల సోకు అని తీసిపారెయ్యలేను. అదే లేకపోతే ఈ రెండూ కూడా మిగిలేవి కావు.

తిరిగొచ్చాక ఈ సంగతంతా మా పెద్దాయనకి చెప్పాను. ఏమీ అనలేదు. వారం తర్వాత పిలిచి చూపించాడు. ట్రిగ్గర్ విప్పి, లోపల తొలిచిన గుంటలో, ఎవరికీ కనబడని చోట, పెన్సిలుతో తన పేరూ సంవత్సరమూ రాసుకున్నాడు. "ఎప్పుడో ఒకడు రిపేరుకి విప్పుతాడు కదా, వాడికి తెలుస్తుంది" అన్నాడు.

నేను చేస్తున్నది ఒకటే. ఆదివారం ఆదివారం నాన్నకి ఫోన్ చేసి తాతయ్య ఎవరికి ఏం చేసిపెట్టారో గుర్తున్నంతవరకూ రాసుకుంటున్నాను. ఇప్పటికి రెండు పేజీలయింది. మీ ఇంట్లో కూడా పాత మంచమో, బీరువానో, రోకలో ఉంటే ఒకసారి తిరగేసి అడుగు చూడండి. పేరు ఉండకపోవచ్చు. ఎవరు చేశారో చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారేమో, వాళ్ళని మాత్రం ఈ వారమే అడగండి.